ఏడో అర్థానికి సాక్షి

ఆ ఆఫీసులో ఏ వాక్యాన్నీ ఎవరూ పుట్టించకూడదు.

అది ఇంగ్లీషు-తెలుగు పెద్ద నిఘంటువు తయారయ్యే ఆఫీసు. మూడు గదులు, ఎనిమిది మంది, పద్నాలుగు ఇనప బీరువాలు. బీరువాల నిండా కార్డులు. కార్డు అరచేయంత ఉంటుంది. దాని ముందువైపు ఒక ఇంగ్లీషు మాట, ఆ మాటకున్న అర్థాల్లో ఒకటి, ఆ అర్థం తెలుగులో ఎలా పలుకుతుందో చూపే ఒక వాక్యం ఉంటాయి. ఆ వాక్యం ఎక్కడిదో వెనకవైపు రాయాలి. అచ్చులో దొరికినదైతే పుస్తకం పేరు, పేజీ. విడి కాగితమైతే ఆ కాగితాన్నే అంటించాలి. చెవిన పడ్డదైతే రెండు గీతలు. మొదటి గీత మీద విన్నవారి సంతకం, రెండో గీత మీద సాక్షి సంతకం. సాక్షి అంటే ఆ వాక్యం పలికినప్పుడు అక్కడే ఉండి, తన చెవులతో విన్న రెండో మనిషి.

సాక్షి లేని కార్డు అచ్చుకు వెళ్లదు.

ఈ నిబంధన పందొమ్మిదేళ్ల కిందట వచ్చింది. అప్పుడు డి అక్షరం చూస్తున్న సంపాదకుడు వాక్యాలు దొరక్క పదకొండు సొంతంగా రాసేశాడు. రైతు మాట, డ్రైవరు మాట, ముసలమ్మ మాట అని వెనక రాసిపెట్టాడు. రైతూ డ్రైవరూ ముసలమ్మా ముగ్గురూ ‘నిజానికి’ అని మొదలుపెట్టారు. ఆ ముగ్గురి నోరూ ఒకటేనని పట్టుకున్నవాడు పక్క బల్ల సంపాదకుడు. నిబంధన కాగితం రాసిందీ అతనే. డి చూసినాయన మర్నాటి నుంచి రాలేదు.

ఆ ఆఫీసులో సంపాదకులకు పేర్లతో పని తక్కువ. ఎవరు చూసే అక్షరం వాళ్ల పేరు. నిబంధన రాసిన అతను ఎఫ్ చూసినన్నాళ్లు ఎఫ్ గారు, జె చూసినన్నాళ్లు జె గారు. ఇప్పుడు కే గారు. యాభై తొమ్మిదేళ్లు. ఇరవై నాలుగేళ్ల సర్వీసు. జె అయ్యాక అతనికి ఎల్ ఇస్తామన్నారు. కే కావాలని అడిగి తీసుకున్నాడు. ఎందుకో చెప్పలేదు. అందరి మీదా ప్రధాన సంపాదకుడు ఉన్నాడు. ఆయన్ని పెద్దాయన అంటారు. కే లో మాటలు తక్కువ కాబట్టి అడిగాడనుకున్నాడు ఆయన.

కే అక్షరంలో అన్నిటికన్నా పెద్ద క్రియ ‘కీప్’. దానికి అతను తేల్చిన అర్థాలు నలభై మూడు. పద్నాలుగు నెలలు పట్టింది. మాట నిలబెట్టుకోవడం ఒకటి. కోళ్లను పెంచడం ఒకటి. పాలు విరక్కుండా ఉండటం, నోరు మూసుకుని ఉండటం, ఆగకుండా నడుస్తూ ఉండటం, ఒకరిని ఆలస్యం చేయించడం, గడ్డి మీద అడుగు పెట్టకపోవడం, అన్నీ ఆ ఒక్క క్రియ చేసే పనులే. దాని పుట్టుక గురించి మాత్రం అతను రాసింది కొంచెమే. వెయ్యేళ్ల కిందటి రాతల్లో కనిపిస్తుంది. చుట్టుపక్కల భాషల్లో దానికి చుట్టం అంటూ ఒక మాట లేదు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఆ పాత రాతల్లో దానికి ఉంచుకోవడం అన్న అర్థం ఇంకా గట్టిపడలేదు. పట్టుకోవడం, గమనించడం, కనిపెట్టుకుని ఉండటం, ఎదురుచూడటం, ఇలా వాడారు.

పెద్దాయన అది చదివి, నలభై మూడు పనులు చేస్తూ అమ్మానాన్నలెవరో తెలియని క్రియను ఇదే మొదటిసారి చూడటం అన్నాడు. ఉద్యోగానికి పెట్టుకుంటే మన ఆఫీసు ఒక్క మనిషితో నడుస్తుందన్నాడు.

సోమవారం ఉదయం పదకొండు గంటలకు అతని బల్ల మీదికి ఒక కార్డు వెనక్కి వచ్చింది. తెచ్చింది ప్రూఫులు చూసే ఆవిడ. ఆఫీసులో వెనకాల ఆమెను సూది అంటారు. ముందర మేడమ్ అంటారు. వెనకాల ఏమంటారో ఆమెకు తెలుసు. పెద్దాయన పుట్టినరోజుకు అందరూ సంతకాలు పెట్టిన కాగితం మీద ‘సూది’ అనే సంతకం పెట్టింది.

వచ్చింది ‘కీప్’ ఏడో అర్థం కార్డు. ‘ఒకరి వస్తువును వాళ్లు మళ్లీ వచ్చేదాకా, వాళ్ల కోసం, ఉన్నచోట ఉంచడం.’ దాని కింద వాక్యం: ‘నా చెప్పులు ఇక్కడే ఉంచండి, ఇంటికెళ్లేప్పుడు వేసుకుంటా.’

వెనక ‘విన్నవారు’ గీత మీద అతని సంతకం ఉంది. పలికినవారు: ఎనిమిదేళ్ల పాప. చోటు: ఆసుపత్రి, రెండో అంతస్తు, పద్నాలుగో మంచం. తేదీ పద్నాలుగేళ్ల కిందటిది. సాక్షి గీత మీద ఏమీ లేదు.

సూది నిలబడే మాట్లాడింది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి కే అచ్చుకు వెళ్తుందని, ‘కీప్’ కార్డుల్లో నలభై రెండు సరిగ్గా ఉన్నాయని, ఈ ఒక్కటీ మిగిలిందని చెప్పింది. ఆ పాప ఎవరో ఆమెకు తెలుసు. అప్పుడు ఆఫీసంతా ఆసుపత్రికి వెళ్లింది. ఆమె కూడా వెళ్లింది. అందుకని ఇంకో మాట అనబోయి, అనకుండా కార్డును అతని వైపు అంగుళం జరిపింది.

“సాక్షి సంతకం పెట్టించి ఇవ్వండి,” అంది. “దాటేయమంటే దాటేయలేను. ఈ గీతలు గీయించింది మీరే.”

మధ్యాహ్నం పెద్దాయన అతన్ని లోపలికి పిలిచాడు. కార్డు మాట ఆయన దాకా వెళ్లింది. ఏడో అర్థానికి అచ్చులో వాక్యాలు బోలెడు దొరుకుతాయని, లైబ్రరీ గోడ మీద నోటీసు చూసినా చాలని అన్నాడు. అతను ఒప్పుకోలేదు. పెద్దాయన పెన్ను మూత తీశాడు. తాను కూడా ఆ రోజుల్లో ఆసుపత్రికి వచ్చానని, రెండో గీత మీద తాను సంతకం పెడితే కాదనేవాళ్లు ఎవరూ ఉండరని చెప్పాడు. అతను కార్డు వెనక్కి తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

“మీరు వినలేదు కదండీ,” అన్నాడు.

పెద్దాయన పెన్ను మూత పెట్టేశాడు.

పాప అతని కూతురు. ఇంట్లో ఆమెను వసపిట్ట అనేవారు. నిద్రలేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నోరు ఆగేది కాదు. ఆమె మాటలు కార్డుల మీదికి ఎక్కించడం అతనికి అలవాటు. అన్నం తింటూ జేబులోంచి కార్డు తీసేవాడు. భార్య సాక్షి సంతకం పెట్టేది. అలా ఎ నుంచి జె దాకా వసపిట్ట మాటలు పందొమ్మిది కార్డులకు ఎక్కాయి. సంపుటాలు అచ్చయ్యే ముందు ఒక్కొక్కటే రాలిపోయాయి. ఒకచోట వేరే వాక్యం బాగుందన్నారు. ఒకచోట పేజీలో జాగా చాలలేదు. ఒకచోట ఆ అర్థాన్నే ఎత్తేశారు. మిగిలింది కే లోది ఒక్కటి. ఎల్ నుంచి జెడ్ దాకా ఆమె మాట ఒక్కటీ లేదని అతను బీరువాలు వెతికి చూసుకున్నాడు. ఆమె అన్న మాట ఒకటి అచ్చులో ఉండాలంటే ఈ కార్డు వెళ్లాలి.

అతను కే అడిగి తీసుకున్నది అందుకు.

ఆనాటి వార్డు నర్సులు ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదు. సాక్షి కాగలిగిన మనిషి ఒక్కతే ఉంది. అతని భార్య. పాప పోయిన ఏడాదికి ఆమె ఇల్లు వదిలి వెళ్లింది. గొడవేమీ జరగలేదు. ఒక పెట్టె సర్దుకుంది, వెళ్తున్నానని చెప్పింది, వెళ్లింది. విడాకుల మాట ఇద్దరూ ఎత్తలేదు. ఊరికి అవతలి వైపు ఒక లాండ్రీలో కౌంటరు దగ్గర పనిచేస్తుందని అతనికి తెలుసు. పదమూడేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు.

మంగళవారం అతను సెలవు పెట్టి, ఒక చొక్కా కవరులో వేసుకుని వెళ్లాడు. ఉత్త చేతులతో వెళ్తే వాకిట్లోంచే తిరిగి వచ్చేస్తానేమోనని చొక్కా తీసుకెళ్లాడు.

లాండ్రీ రెండు గదుల కొట్టు. ముందు కౌంటరు. కౌంటరు వెనక ఇనప కడ్డీకి ప్లాస్టిక్ కవర్లలో బట్టలు. ఆ వెనక ఆవిరి ఇస్త్రీ బల్ల, దాని దగ్గర బనీను వేసుకున్న మనిషి. కౌంటరు మీద ఆమె తలొంచుకుని గుడ్డపేలికల మీద సిరాతో నంబర్లు, తేదీలు వేస్తోంది. బట్ట వచ్చిన వెంటనే కాలరుకో నడుముపట్టీకో ఆ పేలిక గుచ్చుతుంది. అతను చొక్కా కౌంటరు మీద పెట్టాడు. ఆమె చొక్కా చూసి, గుండీలు లెక్కపెట్టి, మూడో గుండీ దారం వేరే రంగులో ఉందని గమనించి, అప్పుడు తలెత్తింది.

తర్వాత రసీదు పుస్తకం ముందుకు లాక్కుని, గురువారం సాయంత్రానికి ఇస్తామంది.

అతను రసీదు తీసుకున్నాడు. ఏం చేయాలో తోచక దాన్ని ముందూ వెనకా చదివాడు. కింద చిన్న అక్షరాల్లో అచ్చు వేసిన వరస కూడా చదివాడు. ఇస్త్రీ బల్ల దగ్గరి మనిషి ఇదంతా చూస్తున్నాడు.

“అక్కా, ఈయన చొక్కా వేయడానికొచ్చాడా, పరీక్ష రాయడానికొచ్చాడా?” అన్నాడు.

“ఆయన అంతే,” అంది ఆమె. “మందు సీసా మీద కాగితం కూడా చివరిదాకా చదువుతాడు.”

ఆ మనిషి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, టీ తాగి వస్తానని బయటికి వెళ్లాడు.

అతను కార్డు తీసి కౌంటరు మీద పెట్టాడు. శుక్రవారం అచ్చుకు వెళ్తుందని చెప్పాడు. రెండో గీత చూపించాడు. పెన్ను కూడా తీశాడు. ఆమె కళ్లజోడు పెట్టుకుంది. పదమూడేళ్ల కిందట ఆమెకు కళ్లజోడు లేదు. ముందువైపు చదివింది. ఏ మాటకని అడిగింది. అతను చెప్పాడు. నలభై మూడు అర్థాలని, పుట్టుక తెలియదని, పాత రోజుల్లో ఉంచుకోవడం కాక కనిపెట్టుకుని ఉండటం, ఎదురుచూడటం అనే అర్థంలో వాడారని చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె కార్డునే చూస్తోంది.

“ముందు కనిపెట్టుకుని ఉండటం, తర్వాత ఉంచుకోవడం,” అంది. “వరస సరిగ్గానే ఉంది.”

కార్డు వెనక్కి తిప్పింది. విన్నవారు గీత మీద అతని సంతకం చూసింది. కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుని చూసింది.

“ఇది మీరు వినలేదు,” అంది.

అతను విన్నానన్నాడు. మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నానని, నర్సు సెలైన్ సీసా మారుస్తోందని, వసపిట్ట ఒక కాలు దుప్పటి బయట పెట్టుకుందని, ఆ కాలితోనే కింద ఉన్న చెప్పులు చూపించిందని చెప్పాడు. ఎడం పక్క కిటికీలోంచి మంచం మీద ఎండ పడుతోందన్నాడు.

“ఆ మంచానికి కిటికీ లేదు. రెండు మంచాల అవతల ఉంది.”

అతను కార్డు వైపు చూశాడు.

“నర్సు, సీసా, దుప్పటి, కాలు. అవన్నీ నేను ఫోన్‌లో చెప్పినవి,” అంది ఆమె. “మీరు ఆఫీసులో ఉన్నారు. ఎఫ్ ప్రూఫులు ఆ రోజు వెళ్లాలన్నారు. పొద్దున్నే వెళ్లిపోయారు. నేను మూడింటికి వార్డు బల్ల దగ్గర్నుంచి ఫోన్ చేశాను.”

ఆమె గొంతు పెంచలేదు. చెప్పింది వరసగా చెప్పింది. ఆ వార్డులో సాయంత్రం ఐదింటికి నేల కడిగేవారు. నేల మీద ఉన్నది ఏదైనా తీసేయాలి, లేదంటే ఊడ్చేస్తారు. ఆమెను రక్తం సీసా కోసం కింది అంతస్తుకు పంపుతున్నారు. ఎంతసేపు పడుతుందో తెలియదు. వసపిట్ట చెప్పులు ఎక్కడికీ తీసుకెళ్లొద్దంటోంది. ఇక్కడే ఉంచండి, ఇంటికెళ్లేప్పుడు వేసుకుంటా అంటోంది. ఐదులోపు వచ్చి, నేల కడిగేంతసేపు వాటిని సంచిలో పెట్టి మళ్లీ మంచం కింద పెట్టమని అతనికి చెప్పడానికి ఫోన్ చేసింది.

“ఎలా అంది, సరిగ్గా చెప్పు అన్నారు మీరు. చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నారు. ఇంకోసారి చెప్పాను. మీరు రాసుకుంటున్నారని నాకు తెలుస్తూనే ఉంది.”

అతను వచ్చేసరికి ఏడయింది. వార్డు నేల ఆరిపోయింది. వసపిట్టకు అప్పటికే తెలివి లేదు. మరి రాలేదు. రెండో రోజు పోయింది. వార్డులోంచి సామాను తెచ్చింది అతనే. ఫ్లాస్కు, దుప్పటి, గ్లాసు, దువ్వెన. కాగితం మీద రాసి, ఒక్కొక్కటి టిక్కు పెట్టుకుని తెచ్చాడు.

“చెప్పులేవి అని మిమ్మల్ని అడిగాను,” అంది ఆమె. “గుర్తుందా?”

గుర్తులేదన్నాడు.

“ఏ చెప్పులు అన్నారు.”

బయట టీకి వెళ్లిన మనిషి గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూసి, మళ్లీ వెనక్కి వెళ్లాడు. ఆమె ఒక పేలిక తీసుకుని చొక్కా నంబరు, తేదీ వేసింది. సిరా ఆరేదాకా ఊదింది.

“చెప్పులు తీసుకెళ్లమని ఫోన్ చేశాను. మీరు మాట తీసుకెళ్లారు.”

అతను కౌంటరు అంచు పట్టుకున్నాడు. ఆమె లోపలి నుంచి స్టూలు తెచ్చి ఇవతలికి అందించింది. అతను కూర్చున్నాడు. మంచినీళ్లు ఇచ్చింది. తాగాడు. అప్పుడు ఆమె అడిగింది, ఆ పొద్దున ఆఫీసుకు వెళ్లేముందు వసపిట్ట అతనితో ఏమందని. ఆ సమయానికి తాను ఫ్లాస్కు పట్టుకుని వేడినీళ్ల కుళాయి దగ్గర ఉన్నానంది. దూరం నుంచి చూస్తే ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారని, పాప నవ్విందని, తర్వాత అడుగుదామనుకుంటే అడిగే వీలు లేకపోయిందని చెప్పింది. ఆ మాట ఏమిటో తెలుసుకోవాలని పద్నాలుగేళ్లుగా ఉందంది.

అతను చాలాసేపు ఆలోచించాడు. వార్డు తలుపు గుర్తొచ్చింది. చేతిలో ప్రూఫుల కట్ట గుర్తొచ్చింది. మాట గుర్తుకు రాలేదు.

“రాసుకోలేదు,” అన్నాడు.

ఆమె తలూపింది. కార్డు తన వైపు తిప్పుకుంది. అతను కౌంటరు మీద పెట్టిన పెన్ను తీసుకుంది.

“పెట్టేదా సంతకం?” అంది. “పెడితే వసపిట్ట మాట పుస్తకంలోకి వెళ్తుందంటే పెడతాను. మీరు అక్కడ ఉన్నారని నేనే సాక్షినవుతాను. నాదేం పోయింది.”

అతను పెన్ను వైపు చూశాడు. ఆ సంతకం పడితే పని అయిపోతుంది. సూది కూడా ఇంకేమీ అడగదు. అతను లేచి, కార్డు ఆమె చేతి కింది నుంచి మెల్లగా లాగి జేబులో పెట్టుకున్నాడు. పెన్ను అక్కడే మర్చిపోయి వెళ్లాడు.

బుధవారం ఆఫీసు తెరిచే వేళకు అతను పాత కార్డుల గదిలో ఉన్నాడు. ఆ ఆఫీసులో ఏ వాక్యాన్నైనా దొరికిన రోజు పెన్సిల్‌తో రాస్తారు. దాని అక్షరం వంతు వచ్చాక ఎవరో ఒకరు సిరాతో మంచి ప్రతి తీస్తారు. పెన్సిల్ కార్డులను కట్టలు కట్టి పైఅరల్లో పెడతారు. పారేయరు. కే అక్షరం మంచి ప్రతులు ఆరేళ్ల కిందట అతనే తీశాడు. రెండు వేల పైచిలుకు కార్డులు. ప్రతి కార్డుకూ ముందువైపు చూసి రాసి, తిప్పి వెనకవైపు చూసి రాశాడు. ఈ ఒక్క కార్డును మాత్రం తిప్పలేదు. వెనక ఏముందో తనకు తెలుసనుకున్నాడు. చోటు, తేదీ, తన సంతకం, చూడకుండానే రాశాడు. సాక్షి గీతను మాత్రం తర్వాత అడగవచ్చని ఖాళీగా వదిలాడు.

కట్ట దొరకడానికి గంటన్నర పట్టింది. నిచ్చెన మీదే నిలబడి దారం విప్పాడు. పెన్సిల్ గీతలు వెలిసిపోయి ఉన్నాయి. ముందువైపు వాక్యం అదే. రెండుసార్లు రాసి ఉంది. మొదటిదాన్ని కొట్టేసి, కింద మళ్లీ రాశాడు. మొదటిసారి ‘ఇక్కడే’ వదిలేశాడు.

తిప్పాడు. తన చేతిరాతే. ‘ఫోన్. 3.10. వాళ్లమ్మ చెప్పింది.’

కింద ఇంకో వరస ఉంది. ‘5 లోపు వెళ్లాలి.’

అతను దిగి వచ్చేసరికి చేతులకు దుమ్ము ఉంది. కడుక్కోకుండానే సూది బల్ల దగ్గరికి వెళ్లి రెండు కార్డులూ పక్కపక్కన పెట్టాడు. ఆమె రెండూ చదివింది, తిప్పింది, చదివింది. పెన్సిల్ కార్డు దగ్గర ఆమె చూపు కొంచెం ఎక్కువసేపు ఆగింది.

తిరస్కరించిన కార్డు మీద కారణం ఒక వరసలో రాయాలి. రాయాల్సింది దిద్దేవాళ్లు. ఆమె ఎర్ర పెన్సిల్ తీసి, రాయకుండా అతని వైపు చూసింది. అతను ఆ పెన్సిల్ అడిగి తీసుకున్నాడు. మంచి ప్రతి వెనక విన్నవారు గీత మీద తన సంతకం కొట్టేశాడు. దాని పైన ‘తల్లి’ అని రాశాడు. సాక్షి గీత మీద ‘లేరు’ అని రాశాడు. కారణం దగ్గర ‘తండ్రి అప్పుడు అక్కడ లేడు’ అని రాసి తేదీ వేశాడు.

“‘సాక్షి లేరు’ అంటే సరిపోయేదండీ,” అంది సూది.

“ఇది కూడా నిజమే కదమ్మా,” అన్నాడు.

ఆమె కార్డును తిరస్కరించిన వాటి డ్రాయరులో, కే దగ్గర పెట్టింది. పెన్సిల్ కార్డును కట్టలోకి పంపకుండా, దాని వెనకే గుండుసూదితో గుచ్చింది. అలా గుచ్చడం పద్ధతి కాదు. ఆమె సర్వీసులో పద్ధతి కాని పని అదొక్కటేనని తర్వాత పెద్దాయన అన్నాడు.

ఏడో అర్థానికి ఇంక వాక్యం లేదు. గురువారం పొద్దున అతను జేబులోంచి లాండ్రీ రసీదు తీశాడు. కింద చిన్న అక్షరాల్లో అచ్చయిన వరస: ‘తీసుకెళ్లని బట్టలు తొంభై రోజులు ఉంచబడును.’ అచ్చులో ఉన్న వాక్యం. సాక్షి అక్కర్లేదు. విడి కాగితం కాబట్టి నిబంధన ప్రకారం రసీదును కొత్త కార్డు వెనక జిగురుతో అంటించాడు. సూది చూసి, అంచులు నొక్కి, సంతకం పెట్టింది. శుక్రవారం నాలుగింటికి కే అచ్చుకు వెళ్లింది.

సంపుటం వచ్చేసరికి నాలుగు నెలలు దాటింది. మధ్యలో అతను లాండ్రీ వైపు వెళ్లలేదు. వెళ్లి ఏం చెప్పాలో తెలియలేదు. పుస్తకం చేతికొచ్చిన మర్నాడు, దాన్ని కాగితంలో చుట్టుకుని వెళ్లాడు.

ఆమె కౌంటరు దగ్గరే ఉంది. ఇస్త్రీ మనిషి కూడా ఉన్నాడు. ఈసారి ఏమీ అనకుండా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. అతను పుస్తకం ఇచ్చాడు. ఆమె చేతులు తుడుచుకుని తీసుకుంది. పేజీ తానే వెతుక్కుంది. ఏడో అర్థం దగ్గర వేలు పెట్టి చదివింది. తన కొట్టు రసీదు మీది వరస అని తెలియడానికి కొంచెం సమయం పట్టింది. ఇస్త్రీ మనిషిని పిలిచి చూపించింది. ఆ మనిషి చదివి, మా యజమానికి తెలిస్తే రేపట్నుంచి ఈయన చొక్కాకు రెండు సార్లు గంజి పెట్టమంటాడు అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి కడ్డీ చివర్న ఉన్న కవరు దించింది. లోపల అతని చొక్కా. తొంభై రోజులు దాటిన బట్టలు ఆ కొట్టులో ఉండవు. నెలకోసారి ఎవరో వచ్చి మూటగట్టి తీసుకెళ్తారు. చొక్కా ఇచ్చి నూట ఇరవై ఆరు రోజులైందని అతను లెక్కపెట్టుకున్నాడు. కాలరుకున్న పేలిక మీద పాత తేదీ కొట్టేసి ఉంది. దాని పక్కన ఇంకో తేదీ, అదీ కొట్టేసి, ఇంకోటి. మూడో గుండీ దారం మారింది. చొక్కాతో పాటు ఆమె అతని పెన్ను కూడా కౌంటరు మీద పెట్టింది.

రసీదు అడిగింది. పుస్తకంలోకి వెళ్లిందన్నాడు. అయితే రిజిస్టరులో రాసి సంతకం పెట్టమంది. ‘రసీదు లేకపోవడానికి కారణం’ అన్న గడిలో అతను ఏం రాయాలో ఆలోచిస్తుంటే, పోయిందని రాయండి, అందరూ అదే రాస్తారు అంది. అతను ‘కార్డుకు అంటించాను’ అని రాశాడు.

ఆమె రిజిస్టరు మూసింది. పుస్తకం ఇంకా కౌంటరు మీద తెరిచే ఉంది.

“దాని మాటేం చేశారు?”

అతను చెప్పాడు. తిరస్కరించిన కార్డుల డ్రాయరులో ఉందని, విన్నవారు గీత మీద తన సంతకం కొట్టేసి తల్లి అని రాశానని చెప్పాడు. ఆ డ్రాయరులోవి ఎప్పటికీ పారేయరని చెప్పాడు. పెన్సిల్ కార్డు దొరికిందని చెప్పాడు. దాని వెనక ఏముందో కూడా, రెండు వరసలూ, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. బయటివాళ్లను ఆ గదిలోకి రానివ్వరు గానీ, పెద్దాయన్ని అడిగితే కాదనడని, చూడాలంటే రావచ్చని అన్నాడు.

ఆమె పుస్తకం మూసి, చుట్టి తెచ్చిన కాగితంలోనే మళ్లీ చుట్టింది. మడతలు పాత మడతల మీదే పడేలా చుట్టింది.

“చూసేదేముంది,” అంది. “నాకు నోటికొచ్చు.”

గుమ్మంలో ఎవరో దుప్పట్ల మూటతో నిలబడ్డారు. ఆమె పుస్తకాన్ని కౌంటరు కింది అరలో పెట్టి, మూట అందుకుని, లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అతను స్టూలు తీసి గోడవారన పెట్టి, చొక్కా చేతి మీద వేసుకుని బయటికి నడిచాడు.